ఎవరును లేని చోట వాన

ధ్యానమునకు: యోబు 38:25–27, కీర్తన 104:19–23, లేవీయకాండము 19:9–10



గత నవంబరు మాసములో మన మేళ్లచెరువు సంఘపు యౌవనస్థులు పదిమందితో కలిసి ఒక్క దినము నల్లమల అడవికి వెళ్లి వచ్చితిని. అక్కడ కొండమీద ఒక చిన్నవాడు నన్నొక ప్రశ్న అడిగెను. ఆ ప్రశ్న నాతోకూడ బండి యెక్కి ఇంటికి వచ్చినది. అప్పటినుండి ఇప్పటివరకు నన్ను విడువలేదు. ఒక ఆదివారపు ప్రసంగములో ఇమిడే సంగతి కాదు గనుక ఈ నెల పత్రికలో వ్రాయుచున్నాను. మీరు ఇంటివద్ద బైబిలు తెరచుకొని, పైన చూపిన భాగములను చదివి, పిమ్మట దీనిని చదువవలెనని కోరుచున్నాను.

రాత్రి రెండు గంటలకు బాడుగ బండిలో బయలుదేరితిమి. హుజూర్‌నగర్, మిర్యాలగూడ, దేవరకొండ దాటి, డిండి వద్ద శ్రీశైలము రోడ్డు ఎక్కి, ఇంకను తెల్లవారకముందే మన్ననూరు చేరితిమి. అక్కడ అటవీ శాఖవారి గేటు ఉన్నది. రాత్రి తొమ్మిది గంటలు మొదలు ఉదయము ఆరు గంటలవరకు అడవిలో గుండా బండ్లు పోకుండ ఆ గేటు మూసివేయుదురు. మా ముందర బస్సులు, లారీలు, కార్లు బారులుతీరి ఆగి యుండెను. మావాళ్లు చలికి చేతులు నలుపుకొనుచు, “పులి కోసం ఇంతమంది మనుషుల్ని ఆపుతారా అయ్యగారూ?” అని నవ్విరి.

నేను బండిలో దీపము వెలిగించి నూటనాలుగవ కీర్తన చదివి వినిపించితిని. ఆ కీర్తన వ్రాసిన భక్తుడు దినమును రెండు పాళ్లు చేసి చూపుచున్నాడు. చీకటి పడినప్పుడు అడవి మృగములు బయటికి వచ్చును. సింహపు పిల్లలు తమ ఆహారమును దేవునివద్దనే అడుగుకొనును. సూర్యుడు ఉదయించునప్పుడు అవి తమ గుహలకు మరలిపోవును. అప్పుడు మనుష్యుడు తన పనికి బయలుదేరి సాయంకాలమువరకు కష్టపడును. ఒకే నేల, రెండు వంతులు. మనుష్యునికొక వంతు, మృగమునకొక వంతు. మన్ననూరు గేటును కట్టినవారు ఈ కీర్తన చదివి కట్టిరని నేను చెప్పజాలను. గాని ఆ గేటు చెప్పుచున్నదియు ఆ మాటయే. ఆరు గంటలకు గేటు తెరచిరి. మా వంతు వచ్చినది. మేము లోపలికి వెళ్లితిమి.

ఈ అడవి చిన్నది కాదు. కృష్ణకు ఈ వైపునను ఆ వైపునను ఉన్న కొండలను కలిపి 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. 2014లో రాష్ట్రములు రెండైన పిమ్మట, తెలంగాణ వైపు భాగమునకు అమ్రాబాద్ అను పేరు వచ్చెను. ఇది సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు నిండియున్న కొండలు. పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి, రేచుకుక్క తిరుగు లోయలు.

వటవర్లపల్లి వద్ద పెద్ద రోడ్డు విడిచి మల్లెల తీర్థమను జలపాతము దారి పట్టితిమి. అనుమతి ఉన్న మేరకే నడిచితిమి. దారి చూపుటకు ఒక చెంచు పెద్దాయన మాతో వచ్చెను. ఆయన కాళ్లకు చెప్పులు లేవు, నడకలో చప్పుడు లేదు. మాకు కనబడనివన్నియు ఆయనకు కనబడుచుండెను. కణితి గిట్టల గుర్తులు చూపెను. ఒక మద్దిచెట్టు మానుమీద గీతలు చూపి, తేనెకోసము ఎలుగుబంటి ఎక్కిన గోళ్ల గుర్తులని చెప్పెను. వందలకొలది మెట్లు దిగి నీళ్లు పడు చోటికి చేరితిమి. చేతులు కాళ్లు కడుగుకొని, ప్రార్థన చేసికొని, తిరిగి పైకి ఎక్కి, ఒక బండమీద కూర్చుండి పులిహోర పొట్లములు విప్పితిమి. అక్కడనుండి చూచిన యెడల కొండ వెనుక కొండ, దాని వెనుక కొండ. ఒక పొగ లేదు, ఒక ఇంటి కప్పు లేదు.

అప్పుడు ఆ చిన్నవాడు అడిగెను. అతడు మనయొద్ద సున్నపురాయి గనిలో కాంట్రాక్టు కూలీగా పనిచేయుచున్నాడు. “అయ్యగారూ, ఇంత భూమి ఊరికే పడి ఉన్నది గదా! మా నాయన రెండెకరాల కోసం ఇరవై ఏండ్లు కొట్లాడి, అదీ అమ్ముకున్నడు. ఇక్కడ చూస్తే కనుచూపు మేర ఎవరికీ పనికిరాని నేల. దేవుడు దీన్ని ఎవరి కోసం చేసిండు?”

నేను తొందరపడి జవాబిచ్చితిని. బోధకులకు ఉండు దోషమిదే. అడిగిన ప్రశ్న చల్లారకముందే జవాబు వడ్డించుదుము. “నాయనా, ఎవరూ లేని ఇటువంటి చోటు ఉండబట్టే కదా మనము వచ్చి నెమ్మదిగా దేవుని తలంచుకొనగలుగుచున్నాము” అని చెప్పితిని.

చెంచు పెద్దాయన నా వైపు తిరిగి, కోపము లేకుండ, “ఎవరూ లేరంటరేంది సారూ? మేమున్నం గదా. మా తాతలు పుట్టింది ఈ కొండల్నే” అనెను.

నోటిలోని ముద్ద మింగుట నాకు కష్టమాయెను. ప్రొద్దుటినుండి ఆ మనుష్యుని వెనుకనే నడిచితిని. ఆయన అడుగు చూచియే నా అడుగు వేసితిని. అయినను “ఎవరూ లేరు” అని ఆయన యెదుటనే పలికితిని.

ప్రియులారా, “ఊరికే పడి ఉన్నది”, “ఎవరూ లేరు” అను ఈ రెండు మాటలను గూర్చియే నేను మీతో మాటలాడగోరుచున్నాను.

నల్లమలలో చెంచులు ఎన్నో తరములుగా నివసించుచున్నారు. వారి చిన్న చిన్న పల్లెలను పెంటలందురు. అడవి గడ్డలు, తేనె, ఇప్పపువ్వు, జిగురు వారి జీవనాధారము. హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, వారి మధ్య నివసించి, వారి జీవితమును గూర్చి 1943లోనే ఒక గ్రంథము ప్రచురించెను. అనగా అక్కడ ఎవరున్నారో తెలిసికొనగోరినవానికి ఎప్పుడో తెలిసినది. తెలియనిది తెలిసికొనగోరనివానికే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ అడవిలో యురేనియము వెదకవలెనను ప్రయత్నము జరిగినప్పుడు, చెంచులును చుట్టుపట్ల గ్రామములవారును లేచి అడ్డుపడిరి. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభయు వలదని తీర్మానము చేసెను. మరియొక వైపున, పులులు సుఖముగా ఉండవలెననిన లోపలి పెంటలవారు బయటికి రావలెనని చెప్పువారు ఉన్నారు. త్రవ్వగోరువాడు “అక్కడ ఎవరున్నారు?” అనుచున్నాడు. కాపాడగోరువాడు “అక్కడ ఎవరును ఉండకూడదు” అనుచున్నాడు. ప్రార్థనకు వెళ్లిన బోధకుడు “అక్కడ ఎవరూ లేరు” అనెను. ముగ్గురి ఉద్దేశములు వేరు. ముగ్గురి చూపులోను చెంచువాడు లేడు. హాగరు అరణ్యములో నీటి బుగ్గయొద్ద కూర్చున్నప్పుడు ఆమెను లెక్కలోనికి తీసికొన్న మనుష్యుడు లేడు. దేవుడు ఆమెను పేరు పెట్టి పిలిచెను. అందుచేత ఆమె ఆయనకు ‘చూచుచున్న దేవుడు’ అను పేరు పెట్టెనని ఆదికాండము పదునారవ అధ్యాయము చెప్పుచున్నది. అరణ్యములోనికి వెళ్లు క్రైస్తవుడు మొదట నేర్చుకొనవలసినది ఈ చూపు.

అయితే చెంచువాని అడుగు సహితము పడని లోయలు ఉన్నవి. వాటి సంగతి యేమి? ఆ చిన్నవాని ప్రశ్న అక్కడ మిగిలియే ఉన్నది.

అతనికి నేను చెప్పదగిన జవాబు ఒకటి సిద్ధముగా ఉండెను. మేము కాళ్లు కడుగుకొన్న ఆ వాగు అడవిగుండా కృష్ణలోనికి పోవుచున్నది. కృష్ణ నాగార్జునసాగరులో నిలుచుచున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆ సాగరునకు పునాదిరాయి వేసిరి. 1967లో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు విడిచిరి. ఆ ఎడమ కాలువ నీళ్లతోనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతములలో వరి పండుచున్నది. చూడు నాయనా, ఎవరికిని పనికిరాదనుకొన్న కొండమీద పడిన వాన నీ పళ్లెములో అన్నమై కూర్చున్నది అని చెప్పవచ్చును. ఇది నిజమైన మాట, మంచి మాట. ఎవరైనను మిమ్మును అడిగిన యెడల మీరును చెప్పుడి.

గాని ఇంటికి వచ్చి యోబు గ్రంథము తెరచినప్పుడు, దేవుడు అంతకంటె ముందుకు పోయి మాటలాడెనని కనుగొంటిని. ముప్పదియెనిమిదవ అధ్యాయములో దేవుడు యోబును అడుగుచున్నాడు: మనుష్యుడు నివసింపని నేలమీద, పాడుగా ఉన్న బీడుమీద వాన పడుటకు నీళ్లకు దారి వేసినవాడెవడు? ఆ బీడు దప్పి తీరవలెనని, అక్కడ లేత గడ్డి మొలవవలెనని చేసినవాడెవడు? ఆ వాన వాగై యోబు పొలమునకు వచ్చునని దేవుడు అక్కడ చెప్పలేదు. గడ్డి మొలచుటయే చాలునన్నట్టు మాటలాడెను. ఆ గడ్డిని ఏ రైతును కోయడు. ఆ వానను గూర్చి ఏ సంఘమును కృతజ్ఞతార్పణ చెల్లింపదు. అయినను దేవుడు దానిని కురిపించుచున్నాడు. దానిని గూర్చి సంతోషముగా చెప్పుకొనుచున్నాడు.

ఆ మాటలు ఎవరితో చెప్పెనో జ్ఞాపకము తెచ్చుకొనుడి. యోబు బిడ్డలను పోగొట్టుకొనినవాడు. ఆస్తి పోయి బూడిదలో కూర్చున్నవాడు. అట్టివానికి దేవుడు ఆ నష్టమునకు లెక్క చెప్పక కొండమేకను, అడవి గాడిదను, నిప్పుకోడిని, గద్దను చూపించెను. చిన్నప్పుడు ఇది నాకు కఠినముగా తోచెడిది. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. లాభమునకు భక్తి చేయుదువా అని యోబునుగూర్చి సాతాను ఆరంభములోనే ప్రశ్న వేసెను. ఆ ప్రశ్నకు దేవుడు అడవిని చూపి బదులు చెప్పుచున్నాడు. ఆయన చేయు మేలు అంతయు లాభమును చూచి చేయునది కాదు. తిరిగి ఏమియు ఇయ్యలేని నేలకు ఆయన వాన ఇచ్చును. అట్టి దేవుడు, అన్నియు పోయి బూడిదలో కూర్చున్న మనుష్యుని విడుచునా?

అడవిని గూర్చి మనమెట్లు తలంచుదుమో దేవుని గూర్చియు అట్లే తలంచుదుము. పనికివచ్చినదే విలువగలదని నేర్చుకొన్నవాడు, తాను పనికిరాని దినమున దేవుని యెదుటికి పోవుటకు భయపడును.

ఇక ఆ చిన్నవాని రెండెకరముల సంగతి. దానిని దాటిపోవుట నాకు న్యాయము కాదు.

రాయి త్రవ్వుట పాపమని నేను చెప్పుటలేదు. మన నేలలో దేవుడు సున్నపురాయి ఉంచెను. దాని చుట్టును సిమెంటు కర్మాగారములు వెలసినవి. మన సంఘస్థులలో అనేకులు ఆ కూలితో పిల్లలను చదివించుచున్నారు. మన గుడి పైకప్పును సిమెంటుతో వేసినదే. ఆ నీడలో కూర్చుండి ఆ పనిని తిట్టుట కపటము. ఆదికాండము మొదటి అధ్యాయములో భూమిని లోపరచుకొనుమని చెప్పిన దేవుడే రెండవ అధ్యాయములో తోటను సేద్యపరచుటకును కాచుటకును నరుని పెట్టెను. రెండు పనులును మనవే.

గాని అడవి ఎక్కువైనందున ఆ తండ్రికి భూమి తక్కువ కాలేదు. పొలమునకు పొలము కలుపుకొని ఇతరులకు చోటు లేకుండ చేయువారికి శ్రమయని యెషయా అయిదవ అధ్యాయములో ప్రవక్త మొరపెట్టెను. మన పాత నల్లగొండ జిల్లాకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేగారు భూమి లేనివారిని గూర్చి అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరములు ఇచ్చెదనని చెప్పిరి. భూదానము అక్కడ మొదలాయెను. ఆ భూమి అడవి నరికి తెచ్చినది కాదు. కలిగినవాని చేతిలోనుండి వచ్చినది. పేదవానికి కావలసిన నేలను అడవిలో చూపించువాడు తరచుగా తన నేలను దాచుకొనుచున్నవాడే.

అయితే ఎంతవరకు తీసికొనవచ్చును? దీనికి ఆ చెంచు పెద్దాయన చెప్పినదే నాకు మంచి వ్యాఖ్యానముగా దొరికినది. తేనె తీయుట ఎట్లని మావాళ్లు అడిగిరి. కొండ చరియకు పట్టిన తేనెకోసము తీగలతో పేనిన తాడుమీద దిగుదురట. పైన తాడు పట్టుకొనువాడు బావమరిది అయి ఉండవలెనట. ఎందుకనగా తన తోబుట్టువు సంసారము ఆ తాడున వ్రేలాడుచున్నది గనుక అతడు చేయి సడలింపడు. మావాళ్లు నవ్విరి. అప్పుడు ఆయన, “పట్టు మొత్తం తియ్యం సారూ. కొంత ఈగలకు ఇడుస్తం. గడ్డ తవ్వినా కొస మట్టిలనే ఉంచుతం. అంతా తీసుకున్నోడు మల్ల రాడు” అని చెప్పెను.

లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులకు ఏమి ఆజ్ఞాపించెను? పొలము కోయునప్పుడు అంచులవరకు పూర్తిగా కోయవద్దని, ద్రాక్షతోటలో రాలిన పండ్లను ఏరుకొనవద్దని, వాటిని బీదలకును పరదేశులకును విడువవలెనని చెప్పెను. ద్వితీయోపదేశకాండము ఇరువదిరెండవ అధ్యాయములో, గూడు కనబడిన యెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పోనియ్యవలెనని చెప్పెను. లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయములో, భూమి తనదనియు మనము తనయొద్ద అతిథులవలె ఉన్నవారమనియు చెప్పెను. అతిథి వడ్డించినది తినును. వంటయింటిలోనికి పోయి కుండ బోర్లించుకొనడు. తీసికొనుట మనకియ్యబడినది, అంచు మిగుల్చుట మనకు ఆజ్ఞాపింపబడినది. నేలకు అంచు అడవియే. మన్ననూరు గేటు మూసిన తొమ్మిది గంటలును దినమునకు విడిచిన అంచు.

ఇంకొక మాట చెప్పి ముగించెదను. అడవినుండి వచ్చిన వారమునకు మన సంఘములోని ఒక ముసలితల్లిని చూడబోతిని. చాల ఏండ్లు నాట్లు వేసి, కోతలు కోసి, అయిదుగురు బిడ్డలను పెంచిన మనిషి. ఇప్పుడు మంచము దిగలేదు. వాకిట్లో ఉన్న ఇంటివారు, “లోపల ఉన్నది అయ్యగారూ, ఊరికే పడి ఉంటది” అని చెప్పిరి. వారు చెడ్డవారు కారు. వేళకు అన్నము పెట్టుచున్నారు. గాని ఆ మాట నేను కొండమీద విన్న మాటయే. నేలను ఏ కొలతతో కొలుచుదుమో, కొంతకాలమునకు తల్లినియు ఆ కొలతతోనే కొలుచుదుము. పిమ్మట ఆ కొలత మన మంచము దగ్గరకును వచ్చును. నేను లోపలికి వెళ్లి కూర్చుంటిని. ఆమె చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత పెదవులు కదిలినవి, ప్రార్థించుచున్నదని తెలిసికొంటిని. ఎవరును వినని చోట, ఎవరికిని లెక్కలేని వేళ, ఆ మంచముమీద దినదినము ఏ వాన కురియుచున్నదో మనకేమి తెలియును?

ఆ సాయంకాలము తొమ్మిది గంటలకు ముందుగానే గేటు దాటి ఇవతలికి వచ్చితిమి. మావాళ్లు త్రోవలో ఏరిన ప్లాస్టిక్ సీసాలు రెండు గోనెసంచులు బండిమీద ఉండెను. డిండి దాటిన పిమ్మట పడమటి దిక్కున మెరుపులు కనబడెను. అందరును నిద్రలో ఉండిరి. ఆ చిన్నవాడు మాత్రము మేలుకొని కిటికీలోనుండి వెనుకకు చూచుచుండెను.

“అయ్యగారూ, ఇప్పుడు అక్కడ వాన పడుతున్నదేమో.”

“పడుతున్నదేమో నాయనా.”

“పడినా మనకు తెలవదు గదా.”

“తెలియదు. ఆయనకు తెలియును.”

ప్రియులారా, ఈ నెలలో మీ పొలము గట్టుమీద నిలిచినప్పుడు మీరు విడిచిన అంచు ఏదో చూచుకొనుడి. మీ యింటిలో “ఊరికే పడి ఉన్నది” అని ఎవరిని గూర్చియైన పలుకుచున్నయెడల, ఆ మాట మాని, వారి ప్రక్కను ఒక గడియ కూర్చుండుడి. ఎవరును లేరని మనము చెప్పు చోట్లను చూచుచున్న దేవుడు, తిరిగి ఇయ్యలేనివారిమీద వాన కురిపించు దేవుడు, మనకును అట్టి చూపును అట్టి చేతిని అనుగ్రహించును గాక. ఆమేన్.